పది డాలర్ల తీగ, రెండు వేల డాలర్ల కార్డు

కొత్త కంప్యూటరు కొనాలంటే మనవాళ్ళు చేసే పరిశోధన ఇంతా అంతా కాదు. ప్రాసెసర్ ఏ తరానిది, మెమరీ వేగం ఎంత, గ్రాఫిక్స్ కార్డు మీద ఎన్ని గిగాబైట్లు అంటూ నెలరోజులు పట్టికలు పోల్చి చూస్తాం. పవర్ సప్లై దగ్గరకి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ఇక ఆ పవర్ సప్లై నుంచి కార్డు దాకా వెళ్ళే తీగల సంగతి అసలు లెక్కలోకే రాదు. ప్లగ్గు సరిపోకపోతే అంతర్జాలంలో పది డాలర్లకి ఓ అడాప్టర్ కేబుల్ దొరుకుతుంది, తెచ్చి తగిలిస్తే పని అయిపోయిందనుకుంటాం. ఈసారి ఆ పది డాలర్ల తీగ గురించి మాట్లాడుకుందాం.

ఇదివరకు ఇది వీడియో గేముల పిచ్చి ఉన్న కుర్రాళ్ళ వ్యవహారం. ఇప్పుడలా కాదు. మా నోవైలో నాకు తెలిసిన తెలుగువాళ్ళ ఇళ్ళల్లోనే చూస్తున్నాను: పగలు ఆఫీసు పని, రాత్రయితే బేస్‌మెంట్‌లో సొంత ప్రయోగాలు. భాషా నమూనాలను ఇంట్లోనే నడపాలని ఒకరు, బొమ్మలు గీయించాలని ఇంకొకరు. కార్డు ఒకటి చాలకపోతే రెండు. పడుకోబోయే ముందు పని మొదలుపెట్టి పైకి వెళ్ళిపోతారు. గేము ఆడేవాడు కనీసం యంత్రం ముందు కూర్చుని ఉంటాడు, మాడు వాసన వస్తే లేచి చూస్తాడు. రాత్రంతా బేస్‌మెంట్‌లో ఒంటరిగా, పూర్తి బరువుతో పనిచేసే యంత్రానికి ఆ కాపలా ఉండదు. పైన పిల్లలు నిద్రపోతూంటారు.

పన్నెండు వోల్టులే కదా!

ఈ విషయం ఎత్తితే మొదట వినబడే మాట ఇదే: "అందులో ఉన్నది పన్నెండు వోల్టులే కదండీ, ఏమవుతుంది?" షాక్ కొట్టదు, నిజమే. కానీ తీగని కాల్చేది వోల్టులు కాదు, ఆంపియర్లు. వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని ఇంటర్‌లో చదువుకున్నదే. 600 వాట్ల పని చేయడానికి ఇండియాలో 230 వోల్టుల మీద మూడు ఆంపియర్ల లోపే చాలు. అమెరికాలో 120 వోల్టుల మీద 5 ఆంపియర్లు. అదే 600 వాట్లు కంప్యూటరు పెట్టెలో 12 వోల్టుల మీద లాగాలంటే 50 ఆంపియర్లు కావాలి. అంటే గోడ నుంచి వచ్చే తీగలో కన్నా పెట్టె లోపలి తీగల్లో పది రెట్లు ఎక్కువ ప్రవాహం!

మిషిగన్‌లో ఉన్నవాళ్ళకి దీనికి వేరే రుజువు అక్కర్లేదు. జనవరిలో ఓ పొద్దున్నే కారు బ్యాటరీ చచ్చిపోతే పక్కింటాయన కారు తెచ్చి జంపర్ కేబుళ్ళు తగిలిస్తాడు. కారు బ్యాటరీ కూడా 12 వోల్టులదే. మరి ఆ కేబుళ్ళు వేలంత లావు ఎందుకున్నాయి? చవగ్గా వచ్చిందని సన్న కేబుళ్ళు కొన్నవాళ్ళకి అవి చేతిలోనే ఎందుకు వేడెక్కుతాయి?

వేడి పుట్టేది ప్రవాహపు వర్గాన్ని బట్టి. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. దానికి తోడు నిరోధం. రాగి తీగలో నిరోధం తక్కువే. అసలు చిక్కంతా తీగ చివర, పిన్నూ సాకెట్టూ ఒకదాన్నొకటి తాకే చోట ఉంది. ఆ తాకిడి దగ్గర 5 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. 4 ఆంపియర్లు పోతే పుట్టే వేడి వాటులో పదో వంతు కూడా ఉండదు. 8 ఆంపియర్లయితే వాటులో మూడో వంతు. 20 ఆంపియర్లయితే 2 వాట్లు. రెండు వాట్లు ఓ లెక్కా అనిపించవచ్చు. కానీ అది గాలి ఆడని ప్లాస్టిక్ ముక్క లోపల, బియ్యపు గింజంత చోట పుడుతోంది. వేడికి సాకెట్టులోని స్ప్రింగు పట్టు సడలుతుంది, పట్టు సడలితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే ప్లాస్టిక్ కరిగేదాకా ఆగదు.

అడాప్టర్ అంటే ఏమిటో చెప్పడానికి నాకు తోచిన మంచి ఉదాహరణ మన ఇళ్ళల్లోనే ఉంది. ఇండియాలో గీజరుకి, పెద్ద ఇస్త్రీ పెట్టెకి లావు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, మామూలు ఐదు ఆంప్స్ సాకెట్టులో దూరదు. బజార్లో ఓ కన్వర్టర్ అమ్ముతారు, పైన లావు పిన్నులకి రంధ్రాలు, కింద సన్న పిన్నులు. అది పెడితే ఇస్త్రీ పెట్టె బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొన్నాళ్ళకి స్విచ్‌బోర్డు మీద గోధుమరంగు మరక పడుతుంది. ఆ ప్లగ్గుని లావుగా చేసినవాడు తెలివితక్కువతో చేయలేదు, చిన్న సాకెట్టులో దూరకూడదనే చేశాడు. కన్వర్టర్ ఆ అడ్డు తీసేసింది, అంతే. వెనకున్న తీగ అదే తీగ. గ్రాఫిక్స్ కార్డుల అడాప్టర్లూ ఇంతే. ప్లగ్గు ఆకారాన్ని మారుస్తాయి కానీ వెనకున్న తీగ తాహతుని మార్చవు.

"ఎక్కువైతే పవర్ సప్లై దానంతటదే ఆగిపోదా?" అని అడుగుతారు. ఇక్కడే చాలామంది పొరబడేది. 1000 వాట్ల పవర్ సప్లై తన 12 వోల్టుల దారిలో మొత్తం మీద 80 ఆంపియర్ల పైన ఇవ్వగలదు. చాలావాటిలో అది కాపలా కాసేది మొత్తాన్నే. అందులో 20 ఆంపియర్లు ఒకే సన్నతీగ గుండా పోతున్నాయని దానికి తెలిసే దారి లేదు. ఊళ్ళో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఆ చోట లావు రాగితీగ చుట్టేసేవాళ్ళు గుర్తున్నారా? అప్పుడు ఫ్యూజు పోదు, ఇంకేదో పోతుంది.

ఏ ప్లగ్గు ఎంత మోస్తుంది

మదర్‌బోర్డు మీది స్లాట్ నుంచి గ్రాఫిక్స్ కార్డు 75 వాట్ల దాకా తీసుకోవచ్చు. అంతకు మించితే పవర్ సప్లై నుంచి నేరుగా తీగ కావాలి. ఒకప్పుడు దీనికంటూ ప్రత్యేకమైన ప్లగ్గే లేదు. 2002లో వచ్చిన రేడియన్ 9700 ప్రో ఫ్లాపీ డ్రైవ్ ప్లగ్గు వాడుకుంది, 2003 నాటి జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా హార్డ్ డిస్కుల మోలెక్స్ ప్లగ్గు వాడుకుంది. ఆ తరవాత పీసీఐ ఎక్స్‌ప్రెస్‌తో పాటు ఆరు పిన్నులదీ, ఎనిమిది పిన్నులదీ వచ్చాయి. ఆరు పిన్నులది 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150 వాట్లు.

ఎనిమిది పిన్నుల ప్లగ్గులో 12 వోల్టుల తీగలు మూడే. 150 వాట్లంటే 12.5 ఆంపియర్లు, తీగకి నాలుగు చిల్లర. ఆ పిన్నులు దాదాపు అంతకు రెట్టింపు మోయగలవు. ఇంత వెసులుబాటు వదిలిపెట్టారు కాబట్టే ఏళ్ళ తరబడి దాని గురించి పెద్దగా ఫిర్యాదులు వినలేదు.

ఆరుకీ ఎనిమిదికీ మధ్య తేడా ఒక చిన్న తమాషా. అదనంగా వచ్చిన రెండు పిన్నులు కరెంటు తెచ్చేవి కావు, రెండూ గ్రౌండుకి కలిసేవే. వాటిలో ఒకటి కార్డుకి సాక్ష్యం చెబుతుంది: "వచ్చింది ఎనిమిది పిన్నుల తీగే, 150 వాట్లు నిశ్చింతగా తీసుకో" అని. ఆరు నుంచి ఎనిమిదికి మార్చే అడాప్టర్ చేసే పనల్లా ఆ పిన్నుని గ్రౌండుకి కలిపేయడం. అంటే దొంగ సాక్ష్యం! వెనక పవర్ సప్లై మంచిదైతే, తీగలు లావువైతే ఏమీ కాకపోవచ్చు. ఆ సంగతి అడాప్టర్‌కి తెలియదు, కార్డుకీ తెలియదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది సాటా నుంచి మార్చే అడాప్టర్. సాటా పవర్ ప్లగ్గు హార్డ్ డిస్కుల కోసం చేసినది. అందులో పదిహేను పిన్నులున్నా 12 వోల్టులకి కేటాయించినవి మూడే, ఒక్కొక్కటీ ఒకటిన్నర ఆంపియర్లు మోస్తుంది. మొత్తం నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దాన్ని ఆరు పిన్నులకి మార్చి 75 వాట్ల కార్డుకి తగిలిస్తే ఏమవుతుందో లెక్క మీరే వేసుకోవచ్చు. రెండు సాటాలు కలిపి ఎనిమిది పిన్నులు చేసే అడాప్టర్లు కూడా అమ్ముతున్నారు. రెండు 54లు 108, కావలసింది 150. ఇథీరియం గవ్వలు ఏరుకునే రోజుల్లో (2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మార్చేదాకా) గరాజుల్లో డజన్ల కొద్దీ కార్డులు పెట్టినవాళ్ళు రైజర్లకి ఈ సాటా అడాప్టర్లే వాడి ప్లగ్గులు మాడ్చుకున్నారు. వాటిలో మిగిలినవి ఇప్పటికీ పాత సామాన్ల డబ్బాల్లో తిరుగుతున్నాయి. మీకు కనిపిస్తే చెత్తబుట్టలో వేయండి.

మోలెక్స్ అంత ఘోరం కాదు. పిన్ను లావుది. విడివిడి తీగల మీద ఉన్న రెండు మోలెక్స్‌ల నుంచి ఒక ఆరు పిన్నుల ప్లగ్గు చేస్తే ఒక్కోదానికి మూడు ఆంపియర్ల చిల్లరే పడుతుంది, పాత చిన్న కార్డుకి పరవాలేదు. రెండూ ఒకే తీగ మీద వరసగా ఉన్నవైతే ప్రయోజనం లేదు.

ఒకేలా కనిపించే ఇద్దరు

మా ఊళ్ళోనే ఉండే ఓ మిత్రుడు, నాకన్నా ఐదారేళ్ళు చిన్నవాడు, పాత సర్వర్ కార్డు టెస్లా పీ40 కొన్నాడు. 24 గిగాబైట్ల మెమరీ, కొత్త కార్డుల ధరలో చిన్న భాగానికే వస్తుంది కాబట్టి ఇంట్లో భాషా నమూనాలు నడిపేవాళ్ళకి దాని మీద మోజు. దానికి సొంత ఫ్యాను లేదని, సర్వర్‌లో గాలి వీస్తేనే బతుకుతుందని ముందే తెలుసుకుని ఫ్యాను కూడా అమర్చాడు. ఆదివారం మధ్యాహ్నం ఫోను.

"అన్నా, ఎనిమిది పిన్నుల ప్లగ్గే, కానీ చివర్లో బిగుస్తోంది. కాస్త గట్టిగా నొక్కనా?"

"నొక్కకు. అలాగే వదిలెయ్. వస్తున్నా."

ఎందుకొద్దన్నానంటే, పీ40 వెనక ఉన్నది గ్రాఫిక్స్ కార్డుల ఎనిమిది పిన్నుల సాకెట్టు కాదు. మదర్‌బోర్డులో ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల రకం, ఈపీఎస్ అంటారు. ఎన్విడియా కే80 కూడా ఇదే బాపతు. చూడటానికి కవలపిల్లలే. ఈపీఎస్‌లో నాలుగు 12 వోల్టులవి, నాలుగు గ్రౌండువి. పైగా ఆ వరసలు కూడా తారుమారు, ఒకదానిలో 12 వోల్టులున్న వైపు రెండోదానిలో గ్రౌండు ఉంటుంది. ఒకదానిలో ఒకటి దూరకుండా పిన్నుల చుట్టూ ప్లాస్టిక్‌ని కొన్నిచోట్ల చదరంగా, కొన్నిచోట్ల మూలలు చెక్కి చేశారు. కానీ ప్లాస్టిక్ ప్లాస్టిక్కే, బలంగా నొక్కితే లొంగుతుంది. అప్పుడు 12 వోల్టులు నేరుగా గ్రౌండుకి కలుస్తాయి. అదృష్టం బాగుంటే పవర్ సప్లై ఆగిపోతుంది. బాగోకపోతే కార్డు పోతుంది.

దీనికి సరైన అడాప్టర్ ఉంది. గ్రాఫిక్స్ కార్డుల ఎనిమిది పిన్నుల తీగలు రెండు ఒక చివర, ఈపీఎస్ ఒకటి రెండో చివర. పీ40 తీసుకునేది 250 వాట్లు, రెండు తీగల తాహతు 300. లెక్క సరిపోయింది. అడాప్టర్లన్నీ చెడ్డవని నా ఉద్దేశం కాదు. ఎక్కువ మోయగలిగే వైపు నుంచి తక్కువ అడిగే వైపుకి వెళ్ళే అడాప్టర్ మంచిదే.

అయితే మావాడి దగ్గర మిగిలి ఉన్న తీగ ఒక్కటే. "పాత పవర్ సప్లైతో వచ్చిన కేబుల్ సొరుగులో ఉందన్నా, అది వాడేయనా?" అన్నాడు. ఇది మొదటిదానికన్నా చెడ్డ ఆలోచన. విడదీసే కేబుళ్ళున్న పవర్ సప్లైలలో కార్డు వైపు ప్లగ్గుకి ప్రమాణం ఉంది కానీ, పవర్ సప్లై వైపు ప్లగ్గుకి లేదు. ఏ పిన్నులో ఏ వోల్టు అన్నది కంపెనీ ఇష్టం. ఒకే కంపెనీలో మోడలుకీ మోడలుకీ మారవచ్చు. ప్లగ్గు మాత్రం చక్కగా దూరుతుంది. ఇలా 5 వోల్టులు వెళ్ళాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్ళి హార్డ్ డిస్కులు, వాటితో పాటు పిల్లల చిన్ననాటి ఫొటోలూ పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కాబట్టి పవర్ సప్లై మార్చినప్పుడు పాత తీగలు కూడా దాంతోనే పోవాలి. చివరికి ఇద్దరం అరగంట ప్రయాణం చేసి మాడిసన్ హైట్స్‌లోని మైక్రో సెంటర్‌కి వెళ్ళి, సరిపడా తీగలున్న పవర్ సప్లై కొనుక్కొచ్చాం. నాకది సరదా ప్రయాణమే, మా ఆవిడకి కాదు.

పదహారు పిన్నుల కథ

ఇహ ఈ మధ్య ఎక్కువగా వార్తలకెక్కినది 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ అనే నోరు తిరగని పేరున్న ప్లగ్గు. నాలుగు ఎనిమిది పిన్నుల ప్లగ్గుల పని ఒక్కటే చేస్తుంది, 600 వాట్లు. పాత ప్లగ్గులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 4.2 మిల్లీమీటర్లయితే దీనిలో 3. 12 వోల్టుల పిన్నులు ఆరు, గ్రౌండువి ఆరు, సాక్ష్యం చెప్పే బుల్లి పిన్నులు నాలుగు. 50 ఆంపియర్లని ఆరుగురు పంచుకుంటే తలకి 8.3. ఒక్కో పిన్ను మోయగలిగేది 9.5. పాతదానిలో దాదాపు రెట్టింపు వెసులుబాటు ఉంటే ఇక్కడ ఏడో వంతు.

2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 కార్డు వచ్చింది. పాత పవర్ సప్లైలున్నవాళ్ళ కోసం పెట్టెలోనే నాలుగు కాళ్ళ అడాప్టర్ ఇచ్చారు. రెండు వారాలు తిరక్కుండానే కరిగిపోయిన ప్లగ్గుల ఫొటోలు బయటికొచ్చాయి. ఎన్విడియా నవంబరులో ఇచ్చిన ప్రకటన ప్రకారం ప్రపంచం మొత్తం మీద తమ దృష్టికి వచ్చినవి 50 దాకా, ఎక్కువగా ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్ళకపోవడమే కారణం. గేమర్స్ నెక్సస్ వాళ్ళు విడిగా పరీక్షలు చేసి అదే సంగతితో పాటు పిన్నుల దగ్గర చేరిన చెత్త కూడా కారణం కావచ్చని చూపించారు. వాడేవాడి తప్పన్నమాట! నాకైతే ఇది సగం నిజంగానే తోస్తుంది. పూర్తిగా దూరకపోయినా దూరినట్టు కనిపించే ప్లగ్గు చేసి, సగం దూరినప్పుడు కూడా కరెంటు పోనిచ్చినవాడి బాధ్యత మిగతా సగం.

తీగ మరీ వంగకుండా ఉండాలని కేబుల్‌మాడ్ అనే కంపెనీ మూలమలుపు అడాప్టర్లు తయారు చేసింది. కరగడాన్ని తప్పించుకోవడానికే చాలామంది వాటిని కొన్నారు. అవే వదులై, వేడెక్కి కరిగాయి. 2024 ఫిబ్రవరిలో అమెరికా కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ ద్వారా దాదాపు 25,300 అడాప్టర్లను వెనక్కి తీసుకున్నారు. అప్పటికి 272 ఫిర్యాదులు, 74,500 డాలర్ల పైన నష్టం. ఎవరికీ గాయాలు కాలేదు. ఇంట్లో ఇంకా అలాంటిది ఉంటే తీసేయండి.

2023లో ప్లగ్గుని సవరించి 12వీ-2x6 అని పేరు పెట్టారు. సాక్షి పిన్నుల్ని ఒకటిన్నర మిల్లీమీటర్లు పొట్టి చేశారు, కరెంటు పిన్నుల్ని పావు మిల్లీమీటరు పొడుగు చేశారు. ప్లగ్గు పూర్తిగా దూరితే తప్ప సాక్షి పిన్నులు తాకవు, అవి తాకకపోతే కార్డు కరెంటు తీసుకోదు. మంచి ఆలోచనే. కానీ కథ అక్కడితో అవలేదు. 2025 జనవరి చివర్లో 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 వచ్చింది. ఫిబ్రవరిలో డెర్‌బావర్ అనే పేరుతో వీడియోలు చేసే జర్మన్ నిపుణుడు తన కార్డు తీగల్ని విడివిడిగా కొలిచి చూస్తే ఒక తీగలో 20 ఆంపియర్ల పైన పోతోంది! పవర్ సప్లై చివర ప్లగ్గు 150 డిగ్రీల సెల్సియస్ దాటింది.

ఆరు తీగలు పక్కపక్కనే ఉన్నాయి కదా, సమానంగా ఎందుకు పంచుకోవు? ఎందుకంటే కరెంటుకి న్యాయం తెలియదు, నిరోధం తక్కువున్న దారే తెలుసు. నాలుగు పిన్నుల పట్టు కొంచెం వదులైతే వాటి బరువంతా పట్టు బాగున్న రెండిటి మీద పడుతుంది. కాలిపోయే తీగ చెడిపోయినదే కానక్కర్లేదు. పాపం, బాగున్నదే కాలవచ్చు. 2022 నాటి 3090 టీఐ కార్డులో ఆరు పిన్నులనీ మూడు జతలుగా విడదీసి ఒక్కో జత మీద విడిగా కన్నేసి ఉంచారు. తరవాతి తరాల్లో ఎన్విడియా నమూనాలో ఆరింటినీ కార్డు లోపల ఒకటిగా కలిపేశారు. దాంతో ఏ తీగ ఎంత మోస్తోందో కార్డుకే తెలియకుండా పోయింది.

ఇలాంటి కార్డు మీ దగ్గరుంటే, మీ పవర్ సప్లైకే ఆ కంపెనీ ఇచ్చిన పదహారు పిన్నుల తీగ వాడండి, మధ్యలో ఏ అడాప్టరూ లేకుండా. అడాప్టర్ తప్పనిసరైతే కార్డుతో వచ్చినదే వాడండి, దాని ఒక్కో కాలికీ పవర్ సప్లై నుంచి విడి తీగ తగిలించండి. ఇక్కడ చాలామంది చేసే పని, ఒకే తీగ చివర ఉన్న జంట ప్లగ్గుల్ని రెండు కాళ్ళకీ తగిలించేయడం. అప్పుడు మూడు సన్నతీగల మీద 300 వాట్లు, తీగకి 8.3 ఆంపియర్లు. అడాప్టర్ మాత్రం నాలుగు కాళ్ళూ నిండాయి కాబట్టి 600 వాట్లు తీసుకోమని కార్డుకి చెబుతుంది. మూడు కాళ్ళే నిండితే 450 అని చెబుతుంది. ప్లగ్గుని లోపలికి నొక్కాక టార్చి వేసి చుట్టూ సందు లేదని చూడండి, 'టిక్' శబ్దాన్ని నమ్మకండి. ప్లగ్గు దగ్గర ఒకటిన్నర అంగుళం దాకా తీగని వంచకండి. పెట్టె తలుపు గాజుది, తీగ దానికి ఒత్తుకుంటోందంటే పెట్టె మార్చండి. దుమ్ము దులిపే నెపంతో మాటిమాటికీ ఊడదీయకండి, ఈ ప్లగ్గుని తీసి పెట్టడానికి ముప్పై సార్లే లెక్క.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మన చేతిలో ఇంకో ఉపాయం ఉంది. ఎన్విడియా-ఎస్ఎంఐ ఆదేశంతో కార్డు తీసుకునే వాట్లకి హద్దు పెట్టవచ్చు. 450 వాట్ల కార్డుని 315 దగ్గర ఆపితే ప్రవాహం 70 శాతానికి తగ్గుతుంది, పిన్నుల దగ్గర వేడి దాని వర్గం కాబట్టి 49 శాతానికి, అంటే సగానికి పడిపోతుంది. వేగం తగ్గేది అంతకన్నా చాలా తక్కువ. భాషా నమూనాలు నడిపేవాళ్ళకైతే తేడా దాదాపు తెలియదు, వాటికి అడ్డం పడేది ఎక్కువగా మెమరీ వేగమే. యంత్రం ఆపి మళ్ళీ వేస్తే ఈ హద్దు పోతుంది, అందుకని మొదలయ్యేటప్పుడే అమలయ్యే స్క్రిప్టులో పెట్టుకోండి. రాత్రంతా నడపబోయే ముందు ఒక గంట మీ ఎదురుగానే నడిపి, ఆపి, ప్లగ్గు తాకి చూడండి. వెచ్చగా ఉంటే సరే. వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే, ప్లాస్టిక్ రంగు మారితే ఆ తీగ పని అయిపోయినట్టే. యంత్రం ఉన్న గదిలో పొగ అలారం ఉందో లేదో, పనిచేస్తోందో లేదో కూడా చూడండి.

ఇంకొక్క మాట, యంత్రాన్ని ఇండియా తీసుకెళ్ళేవాళ్ళ కోసం. ఇప్పటి మంచి పవర్ సప్లైలు 100 నుంచి 240 వోల్టుల దాకా వాటంతటవే సర్దుకుంటాయి, వెనక చీటీ మీద రాసి ఉంటుంది. పాతవాటికి వెనక ఎర్ర స్విచ్ ఉంటుంది, దాన్ని 115లోనే వదిలేసి హైదరాబాదులో ప్లగ్గు పెడితే 'ఢాం' అని పేలడం ఖాయం. విమానాశ్రయంలో కొన్న రెండు పిన్నుల ప్రయాణపు అడాప్టర్ దీనికి వాడకండి, అందులో ఎర్త్ పిన్ను ఉండదు. పవర్ సప్లై వైపు సాకెట్టు రెండు దేశాల్లోనూ ఒకటే కాబట్టి, దిగగానే వీధి చివర కంప్యూటర్ షాపులో ఐఎస్ఐ గుర్తున్న మూడు పిన్నుల పవర్ కార్డు ఒకటి కొనుక్కుంటే చాలు.